నాయిన చిట్టీలు, నా హాల్‌టికెట్ నంబరు

మా ఇంజినీరింగ్ విశ్వవిద్యాలయం జేఎన్‌టీయూ ఇచ్చే హాల్‌టికెట్ నంబరులో పది స్థానాలుండేవి. మొదటి రెండింటిలో మేము చేరిన సంవత్సరం, తర్వాతి రెండింటిలో కళాశాల సంకేతం, ఆపైన బీటెక్ కోర్సును సూచించే 1ఏ, ఆ వెంట శాఖ సంఖ్య, చివరన తరగతిలో మన వరుస సంఖ్య వచ్చేవి. శాఖ సంఖ్య 04 అయితే ఈసీఈ (ఎలక్ట్రానిక్స్), 05 అయితే సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్), 12 అయితే ఐటీ. 08తో మొదలై నడుమ 12 ఉన్న ఆ నంబరును నేను నాలుగేళ్లలో నా పేరుకన్నా ఎక్కువసార్లు రాసి ఉంటాను. రికార్డుల అట్టల మీద, మిడ్ పరీక్షల జవాబు పత్రాల మీద, ల్యాబ్ బయటి హాజరు పుస్తకంలో, నల్లగొండ క్లాక్ టవర్ దగ్గరి నెట్ సెంటర్‌లో ఫలితాల కోసం రాశాను. ఆ నంబరును అలా ఎందుకు కూర్చారో నాకు నిజంగా అర్థమైంది మాత్రం గుర్రంపోడు దగ్గరి మా ఊరిలో, మా ఇంటి వసారాలో, బత్తాయి అమ్మిన చిట్టీలు ముందేసుకొని కూర్చున్న రోజున.

మాకు మూడెకరాల బత్తాయి తోట ఉండేది. కాయ చేతికొచ్చే వేళకు బోరు ఎండిపోవడం, మరొక బోరు వేయడం, దానికి చేసిన అప్పు మరుసటి ఏడు కాయ తీర్చడం, ఇదే మా ఇంటి లెక్క. నేను ఇంటర్ వరకు తెలుగు మాధ్యమంలో చదివాను. 2008లో ఎంసెట్ రాశాను. జేఎన్‌టీయూ హైదరాబాద్, కాకినాడ, అనంతపురం విశ్వవిద్యాలయాలుగా విడిపోయిన ఏడాది అదే. మా వంటి ఇళ్లలో ఫీజు రీయింబర్స్‌మెంట్ అన్న మాట తొలిసారి వినిపించిన కాలమూ అదే. "ఫీజు సర్కారు కడుతదంటున్నరు, హాస్టలుకు, బస్సుకు నేను సూస్కుంట, నువ్వు పో బిడ్డా" అని నాయిన అన్నాడు. నా ర్యాంకుకు నల్లగొండలో సీఎస్ఈ రాలేదు, ఐటీ వచ్చింది. రెండింటిలోనూ పాఠ్యాంశాలు దాదాపు ఒకటేనని సీనియర్లు చెప్పాక మనసు కుదుటపడింది.

మొదటి సంవత్సరానికి సెమిస్టర్లు లేవు. ఏడాది పొడవునా ఒకటే చదువు, యూనివర్సిటీ పరీక్షలు చివరన ఒక్కసారే. ఆ ఏడాదంతా నేను పాఠాలతో కన్నా ఇంగ్లీషుతోనే ఎక్కువ పెనుగులాడాను. పుస్తకంలో ఒక పేరా చదవడానికి నిఘంటువు నాలుగుసార్లు తిప్పేదాన్ని. సీ ప్రోగ్రామింగ్, డేటా స్ట్రక్చర్స్ చెప్పిన సార్‌ది చండూరు వైపు పల్లెటూరు. లింక్డ్ లిస్ట్ చెప్పిన రోజున బోర్డు మీద డబ్బాలు, బాణాలు గీసి, మా ముఖాలు చూసి, సుద్ద పక్కన పెట్టేసి ఆయన ఇలా చెప్పారు: ఊళ్లో కైకిలికి మనుషులను పిలవడానికి పోతాం, మొదటి ఇంటామె మాత్రమే మనకు తెలుసు, రెండో ఇల్లెక్కడో ఆమె చెబుతుంది, మూడో ఇల్లు రెండో ఆమె చెబుతుంది, నడుమ ఒకామెకు రావడం కుదరకపోతే, ఆమెకు ముందున్నామె తర్వాతి ఇంటి గుర్తు తెలుసుకొని పెట్టుకోవాలి, లేకపోతే ఆ వెనకున్న వాళ్లెవరూ పనికి రారు. జాబితా నడుమ నుంచి ఒక నోడ్‌ను, అంటే బోర్డు మీది ఒక డబ్బాను, తీసేయడమంటే అంతేనని ఆయన అన్నప్పుడు, తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన మా బెంచీలన్నీ ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నాయి. తర్వాతి కాలంలో ఎన్నో పుస్తకాల్లో లింక్డ్ లిస్ట్ గురించి చదివాను. అంతకన్నా చక్కగా చెప్పినవారు నాకు ఇంతవరకు తగల్లేదు.

ల్యాబ్‌కు చెప్పులు బయట విడిచి వెళ్లాలి. యంత్రాల కోసం పెట్టిన ఏసీ చల్లదనం తలుపు తీయగానే అరికాళ్లకు తగిలేది. ఒక్కో కంప్యూటర్‌కు ఇద్దరం. టర్బో సీ నీలి తెర మీద పసుపు అక్షరాలు, కంట్రోల్ ఎఫ్9 నొక్కితే ప్రోగ్రాం నడవడం, ఆల్ట్ ఎఫ్5 నొక్కితే ఫలితం కనిపించడం, ఇవి చేతి వేళ్లకు కంఠస్థమైపోయాయి. అయితే వారానికి దొరికే ఆ కొన్ని గంటల్లో కరెంటు పోతే యూపీఎస్ ఎంతోసేపు నిలిచేది కాదు. అందుకని ప్రోగ్రాం మొత్తాన్ని ముందురోజే అబ్జర్వేషన్ పుస్తకంలో రాసుకొని, పక్కన గళ్లు గీసి, ఒక్కో వరుస దగ్గర ఏ వేరియబుల్ విలువ ఎంతవుతుందో పెన్సిలుతో నింపుకొని వెళ్లేవాళ్లం. దాన్ని డ్రై రన్ అంటారు. అది మాకు లేమి నేర్పిన అలవాటు. నేటికీ ఏదైనా ప్రోగ్రాం తప్పుదారి పట్టినప్పుడు నేను మొదట వెతికేది కాగితం, పెన్సిలే.

మేము చేరిన కొన్నాళ్లకే, 2009 జనవరి 7న, సత్యం కంప్యూటర్స్ చైర్మన్ రామలింగరాజు కంపెనీ లెక్కలు తారుమారు చేసినట్టు ఒప్పుకుంటూ లేఖ రాశారు. అప్పటికే అమెరికా మాంద్యం వార్తలు వస్తున్నాయి. బస్సులో పక్కన కూర్చున్నవారు కూడా "ఐటీ తీసుకున్నవా, అయ్యో" అనేవారు. సంక్రాంతికి ఇంటికి వెళ్తే చుట్టాలంతా నాయినను అదే అడిగారు. ఆయన ఎవరికీ బదులు చెప్పలేదు. నన్ను బస్సు ఎక్కిస్తూ, "బత్తాయి రేటు పడిపోయిందని చెట్లు కొట్టేసుకుంటమా" అని మాత్రం అన్నాడు. ఆ ఏడు నేను చదువు మీద నమ్మకం కోల్పోకుండా ఉండటానికి ఆ ఒక్క మాట చాలింది.

రెండో ఏడాది నుంచి నల్లగొండ రామగిరిలో నలుగురం కలిసి ఒక గది అద్దెకు తీసుకున్నాం. మేము ఒకరినొకరం పేర్లతో కాక ఊర్లతో పిలుచుకునేవాళ్లం: మిర్యాలగూడ, హాలియా, నకిరేకల్, నేను గుర్రంపోడు. మిర్యాలగూడ వాళ్ల అన్న సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ల మార్కెట్‌లో పాత పెంటియం 4 కంప్యూటర్ ఒకటి చూసిపెట్టాడు. నలుగురం డబ్బులు వేసుకొని కొన్నాం. మానిటర్‌ను దుప్పటిలో చుట్టి, బస్సులో ఒడిలో పెట్టుకొని హాలియా తీసుకొచ్చింది; దిగేసరికి ఆమె కాళ్లు తిమ్మిరెక్కి నడవలేకపోయింది. గదిలో నెట్ లేదు. కళాశాల ల్యాబ్ నుంచి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్నదే మా గ్రంథాలయం. ఒక్కొక్కరికి రాత్రి రెండు గంటల వంతు. కరెంటు కోత ఎవరి వంతులో పడితే వాళ్లకు మరుసటి రాత్రి ఆ సమయం కలిపి ఇవ్వాలని గోడకు అంటించిన కాగితంలో రాసుకున్నాం. దాని గురించి మా మధ్య ఒక్కసారి కూడా గొడవ రాలేదు.

రెండు-రెండులో, అంటే రెండో ఏడాది రెండో సెమిస్టర్‌లో, డేటాబేస్ పాఠం వచ్చింది. తెలంగాణ ప్రకటన వచ్చిన 2009 డిసెంబర్ 9 తర్వాతి నెలలవి. అదే ఉద్యమంలో మా జిల్లా బిడ్డ శ్రీకాంతాచారి అగ్నికి ఆహుతై అప్పటికి ఎన్నాళ్లో కాలేదు. తరగతులు కొన్నాళ్లు జరిగేవి, కొన్నాళ్లు బంద్. ఆ తెగిపోతూ అతుక్కుంటూ సాగిన పాఠాల్లోనే, ఐబీఎం పరిశోధకుడు కాడ్ 1970లో సమాచారాన్నంతా పట్టికలుగా చూడవచ్చని ప్రతిపాదించిన సంగతి, ఒరాకిల్ అన్న డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లడానికి వాడే స్కాట్ అన్న యూజర్‌నేమ్, టైగర్ అన్న పాస్‌వర్డ్ సంగతి తెలిశాయి. స్కాట్ అన్నది ఒరాకిల్ కంపెనీలో తొలినాళ్ల ఉద్యోగి ఇంటిపేరు, టైగర్ ఆయన ఇంట్లోని పిల్లి పేరు. ఎక్కడో అమెరికాలో ఒకరి ఇంట్లో తిరిగిన పిల్లి పేరును నల్లగొండలో అరవై మందిమి రోజూ టైపు చేస్తున్నామని తెలిసి ఎంతో ఆశ్చర్యపోయాను. పట్టికలో ఒక్కో వరుసను మరొక దానితో కలవకుండా గుర్తుపట్టించే ప్రైమరీ కీ గురించి చెప్పిన మేడమ్ మా హాల్‌టికెట్ నంబరునే ఉదాహరణగా తీసుకున్నారు. వరుస సంఖ్య 34 ప్రతి శాఖలోనూ ఉంటుంది, ప్రతి కళాశాలలోనూ ఉంటుంది, ప్రతి సంవత్సరమూ ఉంటుంది. అవన్నీ కలిస్తేనే ఆ 34 ఒక్క మనిషిది అవుతుందని చెప్పారు. నేను దాన్ని శ్రద్ధగా నోట్సులో రాసుకున్నాను. పరీక్షలో రాసి మంచి మార్కులూ తెచ్చుకున్నాను.

2011 సెప్టెంబర్ 13న సకల జనుల సమ్మె మొదలైంది. అప్పుడు మేము నాలుగు-ఒకటిలో ఉన్నాం. కళాశాల మూతపడింది, ఆర్టీసీ బస్సులు ఆగాయి, సింగరేణిలో బొగ్గు తవ్వకం ఆగడంతో కరెంటు కోతలు పెరిగాయి. 42 రోజులు సాగిన ఆ సమ్మెలో చాలా భాగం నేను ఇంటి దగ్గరే ఉన్నాను. సీ భాషను సృష్టించిన డెన్నిస్ రిచీ ఆ అక్టోబరులోనే చనిపోయారు. పత్రికలో ఆ చిన్న వార్త చదివి, నా మొదటి సంవత్సరం అబ్జర్వేషన్ పుస్తకం వెతికి తీసి, తోటలో చెట్టు కింద కూర్చొని చాలాసేపు తిరగేశాను.

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు ఏం చేయాలన్న ఆలోచన అప్పుడే మొదలైంది. హైదరాబాద్ అమీర్‌పేటలో డబ్బులిస్తే ప్రాజెక్టు సీడీ, రిపోర్టు, వైవా అనే మౌఖిక పరీక్షలో చెప్పాల్సిన జవాబులు కూడా ఇచ్చే చోట్లుండేవి. చాలామంది అక్కడే తెచ్చుకునేవారు. వాళ్లను నేను తప్పుపట్టను. ఉద్యోగ పరీక్షలకు చదువుకోవడానికి వాళ్లకు సమయం కావాలి. కానీ నలుగురం పంచుకున్న కంప్యూటర్ మీద, పంచుకున్న రాత్రుల్లో నేర్చుకున్నది చివరికి ఏదో ఒక నిజమైన పనికి వాడకపోతే నాకు మనసు ఒప్పలేదు.

మా వసారా దూలానికి ఒక ఇనుప తీగ వేలాడుతుండేది. బత్తాయి లోడు గడ్డిఅన్నారం మార్కెట్‌కు వెళ్లి అమ్ముడైన తర్వాత సావుకారు ఇచ్చే చిట్టీలను నాయిన దానికి గుచ్చేవాడు. తూకం ఎంత, సూట్ కింద తీసేసింది ఎంత, టన్ను ధర ఎంత, లారీ కిరాయి, హమాలీ, కమీషన్ పోగా చేతికి వచ్చింది ఎంత, ఇవన్నీ వాటిలో ఉండేవి. సూట్ అంటే బత్తాయి రైతులకు చెప్పనక్కరలేదు. కాయలో తరుగు ఉంటుందని, పాడైనవి పోతాయని టన్నుకు ఇన్ని కిలోలని తూకంలో ముందే కోసేసుకుంటారు. ఎనిమిదేళ్ల చిట్టీలు, మొత్తం 143, ఆ తీగకు ఉన్నాయి. ఒకరోజు నాయిన తోటకు వెళ్లిన వేళ నేను తీగ దించి, చిట్టీలన్నీ తీసి, వసారాలో పరిచి, వాటి నంబర్ల ప్రకారం పేర్చడం మొదలుపెట్టాను. చిట్టీ నంబరే ప్రైమరీ కీ అని కాగితం మీద రాసి, దాని కింద గీత కూడా గీశాను.

కాసేపటికి నా ముందు ఒకటో నంబరు చిట్టీలు ఐదు, రెండో నంబరువి ఆరు, ఏడో నంబరువి నాలుగు పోగయ్యాయి. నాయిన వచ్చి, చేతిలో పార గోడకు ఆనించి, నిలబడి చూశాడు. "ఒకటో నంబరు చిట్టీ ఒక్కటే ఉంటదా బిడ్డా? యేటేటా ఒకటి కాడి నుంచే మొదలువెడ్తరు గదా. సావుకార్లు గూడ ఇద్దరాయె. ఈయన బుక్కు వేరు, ఆయన బుక్కు వేరు" అన్నాడు.

హాల్‌టికెట్ నంబరును ఉదాహరణగా పెట్టి మేడమ్ చెప్పిన పాఠాన్నే ఆయన చెబుతున్నాడు. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న ఆ విషయం నా ఎదుట కాగితాల రూపంలో పరుచుకొని ఉంటే నేను గుర్తుపట్టలేదు. అంతకన్నా పెద్ద పొరపాటు ఇంకొకటి ఉంది. అవి కార్బన్ కాపీలు. చాలావాటి మీద తేదీ వెలిసిపోయింది. కింద పాతది, పైన కొత్తది అన్న తీగ వరుసే వాటి సంవత్సరాలకు ఏకైక ఆధారం. చివర గుచ్చింది ముందు చేతికి వచ్చే 'స్టాక్' అన్న డేటా అమరికను పుస్తకంలో చదువుకున్న నేను, ఇంట్లో వేలాడుతున్న స్టాక్‌ను చేతులారా చెదరగొట్టాను. నాకు ఏడుపు వచ్చింది.

నాయిన కోప్పడలేదు. కాళ్లు కడుక్కొని వచ్చి, నా ఎదురుగా కూర్చొని, ఒక్కో చిట్టీని వెలుతురుకు ఎత్తిపట్టి చూశాడు. ఐదో తరగతితో బడి మానేసిన మనిషి ఆయన. "ఇది మీ పెద్దమ్మ కాలం చేసిన యేటిది, ఆ వారం నేను మార్కెట్‌కు పోలే, మీ చిన్నాయిన పోయిండు, సంతకం సూడు." "ఇది రెండో బోరు ఎండినప్పటిది, తూకం సూడు ఎంత తక్కువున్నదో." "గీ ధర కత్తెర కాపుకే వస్తది, సీజన్ల రాదు." అలా ఒక్కొక్కటే చెబుతుంటే నేను వెనుక పెన్సిలుతో సంవత్సరం, కాపు రాస్తూ పోయాను. చీకటి పడి కరెంటు లేకపోతే అమ్మ దీపం తెచ్చిపెట్టింది. మరునాడు మధ్యాహ్నానికి 143 చిట్టీలూ తమ తమ ఏడాదికి చేరాయి. సంవత్సరం, సావుకారు, చిట్టీ నంబరు, ఈ మూడూ కలిస్తేనే కీ అని అప్పుడు మళ్లీ రాసుకున్నాను.

సమ్మె ముగిసి కళాశాల తెరిచాక, నా బృందంలోని హాలియా, నకిరేకల్ వెంటనే ఒప్పుకున్నారు. గైడ్‌గా ఉన్న సార్ మాత్రం మొదట సందేహించారు. ప్రాజెక్టు పేరు ఐఈఈఈ అనే అంతర్జాతీయ ఇంజినీర్ల సంఘం పరిశోధన పత్రాల్లోంచి ఉంటేనే బాగుంటుందని అప్పట్లో అందరూ అనుకునేవారు. చిట్టీల కట్ట తీసి బల్ల మీద పెట్టాను. ఆయన పది నిమిషాలు వాటిని చూసి, సావుకారు పేరు, ఫోన్ నంబరు ప్రతి చిట్టీ వరుసలో రాయకుండా వేరే పట్టికలో పెట్టమని చెప్పి సంతకం చేశారు.

ఆ తర్వాతి నెలలు కష్టంగా గడిచినా, వాటి గురించి ఎక్కువ చెప్పను. జావాలో తెరలు కట్టాం, వెనుక ఒరాకిల్ పెట్టాం. ఆ రెండింటినీ కలపడానికి 1521 పోర్టు వాడాలని, తగిన డ్రైవర్ ఫైలును జావా వెతికే చోటైన క్లాస్‌పాత్‌లో పెట్టాలని తెలియక నాలుగు రాత్రులు పోయాయి. డబ్బును దశాంశ సంఖ్యలుగా దాచుకుంటే మొత్తంలో పైసల తేడా వచ్చింది. పదోవంతు అన్న సంఖ్య సున్నా, ఒకటి మాత్రమే వాడే కంప్యూటర్ లెక్కలో సరిగ్గా ఇమడదు కాబట్టి, రూపాయలను పైసలుగా మార్చి పూర్ణసంఖ్యలుగా దాచాం. ఆ తర్వాత కూడా మా లెక్క చిట్టీలోని మొత్తానికి కలవలేదు. ఫోన్ చేసి నాయినను అడిగాను. సూట్ కోసేది తూకంలోనని, మిగిలిన తూకానికే ధర కట్టి, ఆ వచ్చిన మొత్తం మీదే కమీషన్ తీస్తారని ఆయన వరుసగా చెప్పాడు. మేము కమీషన్‌ను సూట్ కన్నా ముందు తీస్తున్నాం. ఆ వరుస మార్చగానే 143 చిట్టీల్లో 139 పైసలతో సహా సరిపోయాయి. మిగిలిన నాలుగింటిలో తప్పు సావుకారు కూడికలో ఉంది. ఆ నాలుగూ రైతుకు తక్కువ వచ్చేలాగే ఉన్నాయి.

అంతా సరిపోయిన ఆ రాత్రి నా వంతులో ఒక చిన్న క్వెరీ రాశాను. ఏడాదివారీగా సూట్ మొత్తం ఎంత, ఎనిమిదేళ్లకు కలిపి ఎంత అన్నది అడిగాను. 96 టన్నుల పైచిలుకు తూకంలో సూట్ కింద పోయింది 6 టన్నుల 200 కిలోలు. తెర మీద ఆ సంఖ్య చూసి, తప్పు రాశానేమోనని మళ్లీ కాగితం తీసి డ్రై రన్ చేశాను. సరిగ్గానే ఉంది. మిర్యాలగూడ నిద్రలోంచి లేచి ఏమైందని అడిగింది, చూపించాను. వాళ్లది వరి పండించే ఇల్లు. ఆమె తెర వైపు చూస్తూ, తాలు పేరు చెప్పి తమకు కోసేది కూడా ఇలాగే రాసి పెట్టుకుని ఉంటే బాగుండేదని మెల్లగా అన్నది.

2012 మార్చి 23న ఉగాది. పచ్చడి తిన్న తర్వాత, ల్యాబ్‌లో తీసుకున్న ప్రింటు కాగితాన్ని నాయిన చేతికిచ్చాను. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ అక్షరాలు పెద్దవి కావు; ఆయన కాగితాన్ని దూరంగా పట్టుకొని, వేలు పెట్టి ఒక్కో ఏడాది చదువుతూ కిందికి వచ్చాడు. చివరి వరుస దగ్గర వేలు ఆగింది. చాలాసేపు ఏమీ అనలేదు. "అర యేడు కాయ" అన్నాడు చివరికి. "అర యేడు కాయ తూకంలనే పోయింది. పోతుందని తెలుసు. ఇంత అని తెల్వదు." ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పాస్‌బుక్కులో దాచుకున్నాడు. అమ్మ వంటింట్లోంచి వచ్చి, ఇదంతా కంప్యూటర్ చెప్పిందా అని అడిగింది. "మన చిట్టీలే చెప్పినయ్, బిడ్డ సదివింది" అని నాయిన జవాబిచ్చాడు.

వైవా ఏప్రిల్‌లో జరిగింది. బయటి నుంచి వచ్చిన పరీక్షకులు యూజ్ కేస్ చిత్రాలు, సీక్వెన్స్ చిత్రాలు చూసి, వాటి మీద నాలుగు ప్రశ్నలు అడిగి పంపించారు. చిట్టీల గురించి, కీ గురించి అడుగుతారని నేను ముందు రాత్రంతా సిద్ధపడి వెళ్లాను కాబట్టి కొంత బాధ కలిగింది. మార్కులు బాగానే వచ్చాయి. ఆ వేసవిలో గది ఖాళీ చేశాం. పెంటియం 4ను తన తమ్ముడు ఇంటర్‌లో ఉన్న నకిరేకల్‌కు ఇచ్చేశాం. నాకు హైదరాబాద్‌లో ఉద్యోగం దొరకడానికి మరో పది నెలలు పట్టింది.

ఆ ఏడు కాయ అమ్ముడయ్యాక దసరాకు ఇంటికి వెళ్లాను. వసారా దూలానికి అదే ఇనుప తీగ, దానికి కొత్త చిట్టీలు. నీళ్లు తాగుతూ ఊరికే ఒకటి వెనక్కి తిప్పి చూశాను. నీలిరంగు బాల్‌పెన్నుతో, వంకర టింకర అంకెల్లో 2012 అని, దాని కింద సీజన్ అని, దాని పక్కన సావుకారు పేరులో మొదటి అక్షరం రాసి ఉన్నాయి. ఒక్కొక్కటే కిందికి తిప్పుతూ పోయాను. ఆ ఏటి చిట్టీలన్నిటి వెనుకా అవే మూడు, అదే వరుసలో ఉన్నాయి.